ఆగని చోట ఎత్తిన చెయ్యి

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. పెద్ద డ్రైవరుకి ఆకలితో పరిచయం పోయి చాలా ఏళ్లయింది. అది తలుపు తట్టేలోపే ఈయన ఏదో ఒకటి నోట్లో వేసుకునేవాడు. నిద్రతో మాత్రం మంచి స్నేహమే ఉండేది, ఆ స్నేహం దగ్గరే వచ్చింది చిక్కంతా.

ఆయన తోలేది పొద్దున్నే బయలుదేరి సాయంత్రానికి సముద్రం ఒడ్డున ఉన్న ఊరు చేరే దూరప్రయాణం బస్సు. ఎక్స్‌ప్రెస్సు కాబట్టి దారిలో ఎవరు చెయ్యెత్తినా ఆగదు. దానికి ఇద్దరు డ్రైవర్లు. పొద్దుటి సగం ఆయన బావమరిది తోలుతాడు, భోజనాల తర్వాతి సగం ఈయన. ఒకరు తోలుతుంటే రెండోవాళ్లు సీటు వెనక బల్లమీద నడుం వాల్చాలి. బావా బావమరుదుల్ని ఒకే బండి మీద వేయకూడదని ఆఫీసులో ఎవరికీ తోచకపోవడం వల్ల వాళ్లిద్దరూ కొన్నేళ్లుగా ఒకే బండిలో పోట్లాడుకుంటూ తిరుగుతున్నారు.

సగం దారిలో ఒక గుట్ట ఉంది. గుట్ట మొదట్లో హోటలు. అక్కడ బస్సు ఆపుతారు, అందరూ తింటారు, డ్రైవర్లు మారతారు. డ్రైవర్ల భోజనానికి వేరే గది, తలుపుకి పూసల తెర, లోపల ఫ్యాను సరిగ్గా నెత్తిమీద. వాళ్లని ఎవరూ డబ్బడగరు. బస్సు నిండా ఆకలిగొన్న జనాన్ని తెచ్చి గుమ్మంలో దింపేవాడికి ఆ మాత్రం మర్యాద ఏ దారిలోనైనా మామూలే. అయితే ఆ మర్యాదకో మెలిక ఉంది. డ్రైవరు కంచంలో వదిలేస్తే హోటలాయనకి గుండె దడ. ఈరోజు తక్కువ తిన్నాడంటే రేపు బండి పక్క హోటలు ముందు ఆగుతుందని ఆయన భయం. అందుకని అన్నం మీద అన్నం, వేపుడు మీద వేపుడు, నూనె తేలే కూర, చివర్లో తీపి, తీపి మొహం మొత్తితే గరిటెడు పెరుగు.

"అన్నా, మొహమాటపడకండి. మీరు తింటే మాకు కడుపు నిండుతుంది," అనేవాడు హోటలాయన.

మొహమాటానికీ పెద్ద డ్రైవరుకీ చుట్టరికం లేదు. ఇంటి దగ్గర ఆయన భార్య తెల్లవారకముందే లేచి ఉడికించిన గింజలూ, ఆకుకూరా, ఒక పండూ డబ్బాలో సర్ది పంపించేది. పొరుగింటి పుల్లకూర రుచి కదా, ఆ డబ్బా హోటలు వెనక పడుకునే గోధుమరంగు కుక్కకి చేరేది. కుక్క నునుపెక్కి, మెరుపెక్కి, చూస్తే ముచ్చటేసేలా తయారైంది. డబ్బా ఖాళీగా ఇంటికొస్తున్నందుకు ఆ ఇల్లాలు సంతోషించేది. మొగుడి పొట్ట స్టీరింగుని ముద్దు పెట్టుకుంటున్నా, తన వంటమీద నమ్మకం కొద్దీ "మీది గాలి ఒళ్లు" అని సరిపెట్టుకునేది.

ఇక నిద్ర సంగతి.

హోటలు దాటాక రోడ్డు గుట్టని చుట్టుకుని పోతుంది. ఆ చుట్టు తిరిగేసరికి ఒక అరగంట. ఎండ పల్చగా ఊగుతూ ఉంటుంది. వెనక కర్టెన్లన్నీ వేసేసి ఉంటారు, పిల్లల ఏడుపులు సద్దుమణుగుతాయి, ఎవరిదో గురక ఇంజను చప్పుడులో కలిసిపోతుంది. చుట్టు చివర రోడ్డుకి రెండువైపులా పెద్ద చెట్లు, మొదళ్లకి తెల్లసున్నం. నీడా ఎండా, నీడా ఎండా, అద్దం మీద నుంచి పారిపోతూ ఉంటాయి. బండి కదలడం లేదనీ, రోడ్డే మెత్తగా లోపలికి వస్తోందనీ అనిపించే చోటు అది.

తల్లి పోయిన ఏడాదే అక్కడ ఆయనకి మొదటిసారి కన్నంటుకుంది. భుక్తాయాసం అలాంటిది. రెప్ప వాలిన ఆ కాస్తలోనే అమ్మ కనబడింది. తలమీద నీలం గుడ్డ కప్పుకుని, చెట్టు కింద నించుని, మొహం నీడలో ఉంచుకుని, బస్సు ఆపమని చెయ్యెత్తింది. ఆయన మనసంతా తేలికైపోయింది. అమ్మా, వస్తున్నా అనుకున్నాడు. అంతలో చక్రాల కింద కంకర గరగరలాడింది. ఉలిక్కిపడి స్టీరింగు తిప్పాడు. బండి రోడ్డెక్కింది. వెనక ఒక్కరు కూడా లేవలేదు. బావమరిది బల్లమీద అటు నుంచి ఇటు తిరిగి పడుకున్నాడు. అద్దంలో వెనక్కి చూద్దామంటే చెట్ల మధ్య దుమ్ము లేచి ఉంది, మరేం కనబడలేదు.

ఆ తల్లి బతికున్నన్నాళ్లూ ఒకటే అడిగింది. "ఒరే, నీ బండి నన్నొకసారి ఎక్కించరా. నువ్వు తోలుతుంటే పక్కన కూచుని చూస్తాను." మోకాళ్ల నొప్పులు, బస్టాండు దూరం, ఎక్స్‌ప్రెస్సు వాళ్ల వీధి మొగలో ఆగదు. "వచ్చేసారి అమ్మా," అనేవాడు ఈయన. వచ్చేసారి వచ్చేసారి అంటుండగా ఆవిడ వెళ్లిపోయింది. ఆ బాకీ ఆయన గుండెల్లో ముల్లులా ఉండిపోయింది. అలాంటిది, ఆవిడే వచ్చి దారిలో నించుని చెయ్యెత్తితే ఎవరికి మాత్రం మళ్లీ చూడాలనిపించదు?

చూడాలనిపించడం వేరు, చేసిన పని వేరు. చెప్పడానికే నాకు ఒళ్లు మండుతోంది. ఆ మర్నాటి నుంచి ఆయన ఇంకాస్త ఎక్కువ తినసాగాడు. నిద్రపోవాలని కాదు, నిద్ర అంచు దాకా వెళ్లి వచ్చేద్దామని. బస్సుడు ప్రాణాలు వెనక పెట్టుకుని, పెళ్లాం బిడ్డలున్న మనిషి చేసే పనేనా అది? ఆ తర్వాత మరో రెండుసార్లు రెప్ప పడింది. రెండుసార్లూ చీకటి తప్ప అమ్మ లేదు. రెండోసారి చెట్టుకొమ్మ ఒకటి అద్దానికి రాసుకుంటూ పోయింది. అయినా బుద్ధి రాలేదు. ఈసారి పెరుగు ఇంకో గరిటె వేయించుకుంటే వస్తుందేమోననుకున్నాడు.

కొమ్మ తగిలిన ఆ సాయంత్రం బండి కడుగుతుంటే బావమరిది అద్దం చట్రంలో ఇరుక్కున్న ఆకుల రెమ్మ తీశాడు. దాన్ని వేళ్ల మధ్య తిప్పుతూ వచ్చి బావ పక్కన మెట్టుమీద కూచున్నాడు. సన్నగా, పుల్లలా ఉంటాడు. బండి ఎక్కడ ఆగినా దిగి నాలుగు గంతులు వేస్తాడని స్టాండులో అందరూ వాణ్ణి మిడత అంటారు.

"బావా, ఇదెక్కడిది?"

"చెట్టుది."

"అది తెలుస్తోందిలే. చెట్టు బండెక్కిందా, బండి చెట్టెక్కిందా?"

"గేదె అడ్డమొచ్చింది. కాస్త పక్కకి తిప్పా."

మిడత రెమ్మని మెట్టుమీద పెట్టాడు. "నేను నీ వెనకే పడుకుంటాను," అన్నాడు. "పడుకుంటానంతే. ఇవాళ నా కళ్లు తెరిచే ఉన్నాయి. గేదే లేదు, దూడా లేదు. నీ తల ముందుకు వాలడం చూసి నీ భుజం పట్టుకునే లోపు కొమ్మ తగిలింది. రేపట్నుంచి ఆ పూసల తెర లోపలికి నువ్వెళ్లవు. అక్క డబ్బా తింటావు. బండి ఆగినంతసేపూ నడుస్తావు. కాదంటే ఆఫీసులో నేనే చెప్పేస్తా. అక్క నా మొహం చూడనన్నా సరే."

"నడిచి ఎక్కడికి పోనురా?"

"ఎక్కడికైనా పో. కుర్చీలోకి తప్ప."

పెద్ద డ్రైవరుకి కోపం రావాల్సింది. రాలేదు. తనని పట్టుకున్నందుకు లోపలెక్కడో ఊరటగానే అనిపించింది. స్టీరింగు పోతే ఆ చెట్లూ పోతాయి, చెట్లు పోతే అమ్మ పోతుంది. బావమరిది చెప్పినట్టు వింటే అమ్మ రాదు, వినకపోతే అసలుకే మోసం. ఆ రెంటి మధ్యా ఆయన మర్నాడు డబ్బా చేతపట్టుకుని హోటలు వెనక్కి నడిచాడు.

ఈ మార్పు ఇద్దరికి నచ్చలేదు. ఒకరు హోటలాయన. "నా వల్ల ఏం తప్పు జరిగిందన్నా? ఉప్పెక్కువైందా?" అని గరిటె పట్టుకుని వెంటబడ్డాడు. బండి ఇక్కడే ఆగుతుందని మిడత ఒట్టేసి చెప్పాక గానీ గరిటె దింపలేదు. రెండోది కుక్క. తనకు రావాల్సిన డబ్బా కళ్లముందే ఇంకొకరి నోట్లోకి పోతుంటే పాపం ఎంత ఓర్చుకుంటుంది? ఒకసారి మొరిగి, విసుగ్గా లేచి గుట్ట వైపు నడిచింది. అది పోయిన వైపు ఒక కాలిబాట ఉంది. ఇన్నేళ్లుగా ఆ హోటల్లో తింటున్న మనిషి ఆ బాటని చూడనే లేదు.

మొదటిరోజు పది అంగలు వేసేసరికి ఆయాసం. పైన బండరాయి ఒకటి కనబడితే దాన్ని చేరడమే గొప్ప అనుకున్నాడు, చేరలేదు. తర్వాత కొన్నాళ్లకి చేరాడు. కాళ్లకి బ్రేకూ, క్లచ్చూ తప్ప నేల తెలియడం మానేసిందని అక్కడ కూచుని గ్రహించాడు. గడ్డి వాసన, ఎండిన ఆకుల చప్పుడు, తన చెమట తనకే చల్లగా తగలడం. డబ్బాలో గింజలు నమిలేకొద్దీ తియ్యగా ఉండేవి. ఇంత బాగుంటాయని ఈ కుక్క ఒక్కరోజూ చెప్పలేదే అనుకుని నవ్వుకున్నాడు. కిందికి వచ్చి స్టీరింగు పట్టుకుంటే కళ్లు విశాలంగా తెరుచుకుని ఉండేవి. చెట్లు వచ్చేవి, నీడా ఎండా వచ్చేవి. అమ్మ మాత్రం రాలేదు. చెట్లు దాటిన ప్రతిసారీ ఆయన ఒకసారి అద్దంలో వెనక్కి చూసేవాడు.

ఒకరోజు కుక్క వెనకే బండరాయి దాటి గుట్ట భుజం మీదికెక్కాడు. అటువైపు చూసి ఆగిపోయాడు. కింద రోడ్డు. రోడ్డుకి రెండువైపులా చెట్లు, మొదళ్లకి తెల్లసున్నం. బస్సులో అరగంట చుట్టి చేరే చోటు, నడిచి వస్తే హోటలు పెరటికి అవతలే ఉంది. ఇన్నాళ్లూ తన భోజనాల గదికి ఇంత దగ్గర్లోనే అమ్మ నించుని ఉందన్నమాట. ఆయన దాదాపు జారుతూ, గడ్డి పట్టుకుంటూ దిగాడు. అది పగలని గానీ, తను మెలకువగా ఉన్నానని గానీ ఆ కాసేపు ఆయనకి నమ్మకం లేదు.

చెట్టు కింద ఒకావిడ కూచుని ఉంది. తలమీద నీలం గుడ్డ.

"అమ్మా," అన్నాడు.

ఆవిడ తిరిగింది. అమ్మ కాదు. ఇంకెవరో ముసలావిడ, పళ్లు లేని నోరు, పక్కన పళ్లబుట్ట. "ఏంటి బాబూ, అంత రొప్పుతున్నావు? తరుముకొచ్చారా ఎవరన్నా?"

"లేదమ్మా. ఊరికే నడుస్తున్నా." ఆయన చెట్టుకి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఏడుపు వచ్చినంత పనైంది. "ఇక్కడ కూచున్నావేం?"

"బస్సు కోసం. ఈ పళ్లు ఊళ్లో అమ్ముకోవాలి. పాసింజరు బస్సు ఎప్పుడొస్తుందో దానికే తెలియదు. ఎక్స్‌ప్రెస్సులు ఆగవు. అయినా చెయ్యెత్తుతా. ఎప్పటికైనా ఒకడు ఆపకపోతాడా అని."

"రోడ్డుకింత దూరంగా కూచుంటే వాళ్లకేం కనబడతావు?"

"ఇదివరకు అంచునే నించునేదాన్ని. ఒకరోజు ఒక బస్సు నేరుగా నా మీదికే వచ్చేసింది బాబూ. బుట్ట పారేసి కాలవలోకి దూకా. పళ్లన్నీ చక్రాల కింద పడి పచ్చడి. ఈ మోచెయ్యి అప్పట్నుంచి తిన్నగా చాచలేను." ఆవిడ చెయ్యి చూపించింది. అది సగంలోనే ఆగిపోయింది. "ఆ డ్రైవరు మొహం చూశా. లోపలున్న మనిషి కనబడ్డాడంటే ఎంత దగ్గరికొచ్చాడో చూడు. కళ్లు మూసుకుని ఉన్నాడు. మూసుకుని నవ్వుతున్నాడు, చంటిబిడ్డలాగ."

కుక్క వచ్చి ఇద్దరి మధ్యా పడుకుంది. పెద్ద డ్రైవరుకి ఆరోజు అద్దంలో కనబడిన దుమ్ము గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ పదిలంగా దాచుకున్న కల, కడుపు పగిలేలా తింటూ వెతుక్కున్న కల, ఈ ముసలావిడ కాలవలోకి దూకిన క్షణం అది. అమ్మ కాదు వచ్చింది. తనే ఎవరి అమ్మ మీదికో వెళ్లాడు.

"ఇక్కడే ఉండమ్మా," అన్నాడు. "బస్సొస్తుంది. ఆగుతుంది."

వచ్చినదానికంటే వేగంగా గుట్ట ఎక్కి దిగాడు. ఆ ఒంటికి అది సాధ్యమని నెల కిందట చెబితే బండి కూడా నవ్వేది. మిడత బండి పక్కన గంతులేస్తున్నాడు. ఆయన తాళం తీసి వాడి చేతిలో పెట్టాడు. బండికి ఒక చెయ్యి, నడుముకి ఒక చెయ్యి ఆనించి మొత్తం చెప్పాడు. అమ్మ సంగతి, అన్నం సంగతి, మోచెయ్యి సంగతి. మిడత తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

"ఆ చెట్ల దగ్గర ఆపరా," అన్నాడు పెద్ద డ్రైవరు.

"అక్కడ మనకి స్టాపు లేదు బావా."

"తెలుసు. నేనే జవాబు చెప్పుకుంటా."

బస్సు గుట్ట చుట్టూ తిరిగింది. కర్టెన్లు మూసుకున్నాయి, గురక మొదలైంది. తెల్లసున్నం మొదళ్లు వచ్చాయి. ముసలావిడ లేచి, రోడ్డుకి దూరంగానే నించుని, వంకర చెయ్యి సగం ఎత్తింది. బస్సు మెల్లగా, నిద్రపోయేవాళ్లకి తెలియనంత మెల్లగా ఆగింది. పెద్ద డ్రైవరు దిగి బుట్ట అందుకున్నాడు, ఆవిడ రెక్క పట్టుకుని మెట్లెక్కించాడు. డ్రైవరు పక్క సీటులో, రోడ్డంతా కనబడే చోట కూచోబెట్టాడు. అమ్మ కూచుంటానన్న చోటు అదే.

బండి కదిలాక ఆయన ఆవిడ పక్కన రాడ్డు పట్టుకుని నించున్నాడు. "అమ్మా, ఆరోజు నీ మీదికొచ్చిన బస్సు ఇదే. తోలింది నేనే."

ఆవిడ తలెత్తి ఆయన మొహం చాలాసేపు చూసింది. ఇలాంటి చూపుల ముందు నిలబడటం కంటే కాలవలో దూకడం తేలిక.

"ఎందుకు నవ్వావు?" అంది.

"మా అమ్మ కనబడింది. పోయింది ఆవిడ. నీలాగే చెయ్యెత్తింది."

"మరి ఆపలేదేం?"

నిద్రలో ఆపలేదు, మెలకువలో ఆపలేదు. తల్లి బతికుండగానూ ఆపలేదు. కళ్లనుంచి నీళ్లు కారి చొక్కామీద పడుతుంటే తుడుచుకోలేదు.

ముసలావిడ బుట్టలోంచి ఒక పండు తీసి, నీలం గుడ్డ కొసతో తుడిచి, ఆయన్ని దాటి చెయ్యి చాచి మిడతకిచ్చింది. "ముందు తోలేవాడికి," అంది. సముద్రపు గాలి తగలడం మొదలయ్యాక ఇంకో పండు తీసి సగం చేసింది. చిన్న సగం ఆయనకిచ్చింది.

"నీకు ఇది చాలు," అంది.

"బావా, స్టీరింగు మళ్లీ ఎప్పుడడుగుతావు?" అన్నాడు మిడత వెనక్కి తిరక్కుండానే.

"నువ్విచ్చినప్పుడు."

"ఆ గుట్ట ఎక్కి దిగి, రొప్పకుండా నాతో పోట్లాడు. అప్పుడు చూద్దాం."

పెద్ద డ్రైవరు ఆ చిన్న సగాన్ని మెల్లగా, చివరిదాకా నమిలి తిన్నాడు. మధ్యాహ్నపు నిద్ర అలవాటు కొద్దీ వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆయన సీట్లో కూచోలేదు. బుట్ట ఒరగకుండా మోకాలు అడ్డం పెట్టి, రాడ్డు పట్టుకుని, ఎక్కడైనా ఎవరైనా చెయ్యెత్తుతున్నారేమోనని రోడ్డంచులు చూస్తూ, ముసలావిడ దిగేదాకా అలాగే నించున్నాడు.